ఆర్‌సీ కారు కదలడం లేదా? ఈఎస్‌సీని పారేసే ముందు ఇలా చూడండి

రిమోట్ కంట్రోల్ (ఆర్‌సీ) కారు ట్రిగ్గర్ నొక్కితే చక్రాలు తిరగవు. లేదంటే రెండుసార్లు వణికి ఆగిపోతాయి. వెంటనే మన అనుమానం చౌకగా కొన్న ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్ (ఈఎస్‌సీ), అంటే మోటార్ వేగాన్ని అదుపు చేసే భాగం మీదకే వెళ్తుంది. నేనూ ఓసారి ఈఎస్‌సీ కాలిపోయిందనుకుని తీసేసి కొత్తది బిగించాను. అదీ పనిచేయలేదు. తీరా చూస్తే రిమోట్‌లో థ్రాటిల్ ట్రిమ్ (ట్రిగ్గర్ సున్నా స్థానాన్ని సరిచేసే నాబ్) ఒక పక్కకు జరిగిపోయి ఉంది! అప్పటినుంచి బ్యాటరీలో బయలుదేరిన కరెంటు మోటార్ దాకా ఏ దారిలో వెళ్తుందో, నేనూ అదే దారిలో వెతుక్కుంటూ పోతున్నాను.

ముందు కారును ఏదైనా డబ్బా మీద పెట్టి, చక్రాలన్నీ గాల్లో ఉండేలా చూడండి. రిమోట్ ఆన్ చేశాకే కారు ఆన్ చేయాలి. ఆపేటప్పుడు కారు ముందు, రిమోట్ తర్వాత. చేతిలో మామూలు మల్టీమీటర్ ఉంటే చాలు.

1. బ్యాటరీ

రెండు సెల్‌ల లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ పూర్తిగా ఛార్జ్ అయితే 8.4 వోల్టులు చూపిస్తుంది. కారు ఊరికే ఉన్నప్పుడు కొలిచి సరిపెట్టుకోకండి. ట్రిగ్గర్ నొక్కినప్పుడు వోల్టేజ్ ఒక్కసారిగా జారిపోతుంటే బ్యాటరీ ముసలిదైపోయింది, లేదా కనెక్టర్ వదులుగా ఉంది. ఉబ్బిన లిపోను మళ్లీ ఛార్జ్ చేయకండి.

చాలా చౌక ఈఎస్‌సీల మీద బ్యాటరీ రకం ఎంచుకునే చిన్న జంపర్ (పిన్నుల మీద తొడిగే ముక్క) ఉంటుంది. నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ పెట్టి జంపర్‌ను లిపో వైపు వదిలేస్తే, ఛార్జ్ ఉండగానే కారు ఆగిపోవచ్చు. అదే లిపో పెట్టి జంపర్‌ను నికెల్ వైపు వదిలేశారో, లిపో మితిమీరి ఖాళీ అయి పాడవుతుంది. రెండోది ఖరీదైన పొరపాటు.

2. స్టీరింగ్ తిరుగుతోందా?

రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్‌కు, స్టీరింగ్ తిప్పే సర్వో మోటార్‌కు కరెంటు ఇచ్చేది ఈఎస్‌సీ లోపలి బీఈసీ అనే భాగం. స్టీరింగ్ మామూలుగా తిరుగుతుంటే స్విచ్, బీఈసీ, రిసీవర్ మూడూ బతికే ఉన్నట్టు. అదీ చచ్చుబడి ఉంటే, రిసీవర్‌కు వెళ్లే మూడు వైర్ల ప్లగ్‌లో ఎరుపు, నలుపు వైర్ల మధ్య కొలవండి. నలుపు బదులు గోధుమ రంగు వైర్ కూడా ఉండొచ్చు. సాధారణంగా 5 లేదా 6 వోల్టులు రావాలి. ఏమీ రాకపోతే ముందు స్విచ్‌ను అనుమానించండి. దుమ్ము, తడి చేరి మొదట పోయేది అదే.

ఒక్కోసారి స్టీరింగ్ పూర్తిగా తిప్పి ట్రిగ్గర్ నొక్కినప్పుడే కారు తడబడుతుంది. సర్వో ప్లగ్ పీకేసి మళ్లీ నొక్కి చూడండి. తడబాటు పోతే, సర్వో లాగే కరెంటుకు బీఈసీ చాలడం లేదన్నమాట.

3. సిగ్నల్

ట్రిమ్‌ను సరిగ్గా మధ్యకు తెండి. న్యూట్రల్ దొరికితేనే ఈఎస్‌సీ మోటార్‌ను తిప్పుతుంది. న్యూట్రల్ అంటే ట్రిగ్గర్ నొక్కనప్పటి స్థానం. అప్పుడు రిసీవర్ పంపే పల్స్ సుమారు 1.5 మిల్లీసెకన్లు, ట్రిగ్గర్ రెండు చివర్లలో దాదాపు 1, 2 మిల్లీసెకన్లు. కాలిబ్రేషన్ (ట్రిగ్గర్ హద్దులను ఈఎస్‌సీకి నేర్పడం) ఉన్న మోడల్ అయితే అదీ ఒకసారి చేయండి. థ్రాటిల్ రివర్స్ స్విచ్ ఎటుందో చూడటం మర్చిపోవద్దు.

నాకు బాగా నచ్చిన చిట్కా ఒకటుంది. ఈఎస్‌సీ ప్లగ్‌ను రిసీవర్‌లో ఖాళీగా ఉన్న ఛానెల్‌లో పెట్టి, స్టీరింగ్ సర్వోను థ్రాటిల్ ఛానెల్‌లో పెట్టండి. చాలా రిసీవర్లలో అది రెండో ఛానెల్. ట్రిగ్గర్‌కు సర్వో కదిలితే రిమోట్, రిసీవర్ నిర్దోషులు.

ఇంకో మాట. రివర్స్ రావడం లేదని చాలామంది కంగారు పడతారు. చాలా ఈఎస్‌సీలలో ముందుకెళ్తుండగా ట్రిగ్గర్ వెనక్కి నొక్కితే మొదట బ్రేక్ పడుతుంది. వదిలి, రెండోసారి నొక్కితేనే రివర్స్. అది లోపం కాదు.

4. మోటార్

బ్రష్డ్ మోటార్ (రెండు వైర్లది) అయితే వైర్లు విప్పి, చిన్న పెన్సిల్ సెల్ ప్యాక్‌కు నేరుగా తగిలించండి. తిరక్కపోతే తప్పు మోటార్‌దే. మూడు వైర్లుండే బ్రష్‌లెస్‌ను ఇలా పరీక్షించలేం. అది వణుకుతూ ముందుకెళ్లకపోతే మూడు వైర్లలో ఒకటి ఊడిందేమో చూడండి. ఎక్కువసార్లు సోల్డరింగ్ విడిపోవడమే కారణం.

5. ఇక ఈఎస్‌సీ

బ్యాటరీ, మోటార్ రెండూ విప్పేయండి. మోటార్ తగిలించి ఉంటే దాని కాయిల్ మల్టీమీటర్‌ను మోసం చేస్తుంది. మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో (దారి కలిసి ఉంటే బీప్ చేసే సెట్టింగ్) పెట్టి, బ్యాటరీ వైర్లకూ ఒక్కో మోటార్ వైర్‌కూ మధ్య, ప్రోబులు అటూ ఇటూ మార్చి చూడండి. రెండు వైపులా బీప్ వస్తే లోపలి మాస్‌ఫెట్ (మోటార్ కరెంటును స్విచ్ చేసే ట్రాన్సిస్టర్) షార్ట్ అయింది. ఆన్ చేయగానే మోటార్ దానంతటదే పరుగెత్తడానికి కూడా ఇదే కారణం కావచ్చు. ఇది ఇంట్లో బాగుచేసే పని కాదు, మార్చేయండి.

కొత్తది బిగించే ముందు పాతది ఎందుకు కాలిందో చూడాలి. డబ్బా మీద 320 ఆంపియర్లని రాసి ఉన్నా నమ్మకండి. అంత కరెంటు నిలకడగా వెళ్తే ఆ సన్నని వైర్లే తట్టుకోలేవు. అసలు చూడాల్సింది ఎన్ని టర్న్‌ల (లోపలి తీగ చుట్ల) మోటార్ వరకు పనికొస్తుందన్నది. టర్న్‌లు తగ్గేకొద్దీ మోటార్ లాగే కరెంటు పెరుగుతుంది. పినియన్ (మోటార్ ఇరుసు మీది గేర్) పెద్దదైనా ఇదే కథ. గేర్లలో రాయి ముక్కో, చక్రం బేరింగ్‌లో వెంట్రుకో చిక్కుకున్నా అంతే. చక్రాలను చేత్తో తిప్పి, ఎక్కడా పట్టేయడం లేదని తేలాకే కొత్త ఈఎస్‌సీ వైర్లు కలపండి. ప్లస్, మైనస్ రెండుసార్లు చూసుకోండి. చౌక ఈఎస్‌సీలలో చాలావాటికి తిరగేసిన బ్యాటరీ నుంచి రక్షణే ఉండదు.