వెబ్‌సైటుతో ఆదాయం, మూడవ పాఠం: సెర్చ్ ప్రకటనలో మన వాటా

గత పాఠంలో వ్యాసాల మధ్య కనిపించే ప్రకటనల సంగతి చూశాం. పాఠకుడు మన సైటులోని సెర్చ్ బాక్సులో ఏదైనా టైపు చేసినప్పుడు ఫలితాలతో పాటు వచ్చే ప్రకటనల నుంచి మనకు ఎంత ముడుతుందో ఈ పాఠంలో లెక్క కట్టి చూద్దాం.

వ్యాసం చదువుకుంటున్నవాడికి ప్రకటన దారిలో కనబడిన దుకాణం బోర్డు లాంటిది. వెతుకుతున్నవాడు మాత్రం దుకాణం మెట్లెక్కి, ఫలానా వస్తువు ఉందా అని అడుగుతున్నవాడు. మిరప సాగు గురించి రాసే సైటులో ఒక రైతు ‘డ్రిప్ పైపు ధర’ అని టైపు చేస్తే, ఆ మూడు మాటల్లోనే అతని అవసరం బయటపడుతుంది కనుక, పైపులు అమ్మేవాళ్లు ఆ క్లిక్కు కోసం పోటీ పడతారు. ఈ వ్యాపారానికి మూలం ఇదే.

ప్రకటనకర్తలు ప్రకటనలు ఇచ్చుకునే యాడ్‌వర్డ్స్ అనే సేవను గూగుల్ 2000లో ప్రారంభించింది; 2018లో దాని పేరు గూగుల్ యాడ్స్‌గా మారింది. ఇతరుల సైట్లలో ప్రకటనలు చూపించి, వచ్చిన సొమ్ములో వారికి వాటా ఇచ్చే యాడ్‌సెన్స్ 2003లో మొదలైంది.

ఇప్పుడు ఎవరి ప్రకటన పైన రావాలో తేల్చే వేలంపాట చూద్దాం. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి. ఒక వ్యాపారి క్లిక్కుకు 10 రూపాయల దాకా ఇస్తానన్నాడు, కానీ అతని ప్రకటనకు వెతికిన మాటతో పెద్దగా పొంతన లేదు. దాని నాణ్యతకు 4 మార్కులు అనుకుందాం. రెండవ వ్యాపారి 7 రూపాయలే అన్నాడు, అయితే అతని ప్రకటన సరిగ్గా డ్రిప్ పైపుల గురించే. దానికి 8 మార్కులు. హెచ్చవేస్తే మొదటివాడికి 40, రెండవవాడికి 56 వస్తాయి కనుక పై స్థానం రెండవవాడిదే. పైగా అతను 7 రూపాయలూ కట్టనక్కరలేదు. మొదటివాడి 40ని మించడానికి ఎంత కావాలో అంతే, అంటే 40ని 8తో భాగించగా వచ్చే 5 రూపాయల మీద కాస్త ఎక్కువ కడితే చాలు. అసలు లెక్కలో ఇంకా చాలా అంశాలు కలుస్తాయి గానీ పద్ధతి మాత్రం ఇదే.

ఆ 5 రూపాయల్లో మనకు వచ్చేది 51 శాతం, అంటే 2 రూపాయల 55 పైసలు. గూగుల్ ఈ వాటాను 2010లో బయటపెట్టింది. అప్పుడే వ్యాస ప్రకటనల వాటా 68 శాతమని కూడా చెప్పింది. 51 తక్కువ కదా అని సెర్చ్ ప్రకటనలను తోసిపుచ్చడం తొందరపాటని నా అభిప్రాయం. నెలలో 600 సార్లు వెతికారు, 24 క్లిక్కులు వచ్చాయి అనుకుంటే మన వాటా 61 రూపాయల 20 పైసలు. వెయ్యి వెతుకులాటలకు లెక్కేస్తే అది 102 రూపాయలవుతుంది. ఈ వెయ్యి లెక్కనే ఆర్‌పీఎం అంటారు. వ్యాసాల పేజీల ఆర్‌పీఎం 20 రూపాయలే అయినా, ఆ పేజీలను 20,000 సార్లు చూస్తే 400 రూపాయలు వస్తాయి. రేటు సెర్చ్‌లో ఎక్కువ, రాశి వ్యాసాల్లో ఎక్కువ. కాబట్టి వ్యాసాలు తక్కువగా ఉన్న సైటులో సెర్చ్ బాక్సు పెట్టి ఆదాయం కోసం ఎదురుచూడవద్దు. వందల వ్యాసాలు పోగై, పాఠకుడికి వెతుక్కోవలసిన అవసరం నిజంగా వచ్చినప్పుడే అది ఫలిస్తుంది.

గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ బాక్సును, అంటే ప్రోగ్రామబుల్ సెర్చ్ ఇంజిన్‌ను సైటులో పెట్టుకున్నవారు దానిని తమ యాడ్‌సెన్స్ ఖాతాతో తప్పక అనుసంధానించుకోవాలి. లేకపోతే ప్రకటనలు మన పేజీలో కనిపిస్తాయి, వాటా మాత్రం మనకు రాదు.

మన ప్రకటనలను మనమే నొక్కడం, నొక్కమని ఇంటివాళ్లనూ పాఠకులనూ అడగడం నిషిద్ధం. అలాంటి క్లిక్కుల సొమ్మును కోసేస్తారు, ఖాతాను మూసివేయవచ్చు కూడా. ఆ క్లిక్కుకు డబ్బు కట్టేది ఎక్కడో పైపులు అమ్ముకునే చిన్న వ్యాపారి అని గుర్తుంచుకోవాలి.

ఆదాయం 10 డాలర్లకు చేరాక చిరునామా నిర్ధారణ కోసం పోస్టులో పిన్ అనే అంకెల కోడ్ వస్తుంది. 100 డాలర్లు నిండితే మరుసటి నెల 21, 26 తేదీల మధ్య చెల్లింపు జరుగుతుంది.

అభ్యాసం: మొదటి వ్యాపారి తన ప్రకటనను మెరుగుపరచి 6 మార్కులు తెచ్చుకున్నాడు. వేలంపాటలో ఎవరు గెలుస్తారు? గెలిచినవాడు ఎంత కడతాడు? అందులో మీ వాటా ఎంత? లెక్క కట్టి ఉంచుకోండి, నాలుగవ పాఠం ఆ జవాబుతోనే మొదలవుతుంది.