ఇంటి డ్యూటీకి కొత్తగా వెళ్లే సిస్టర్లకు

వార్డులో అనుమానం వస్తే పక్కనే సీనియర్ ఉంటారు. పేషెంట్ ఇంట్లోనే ఉండి చూసుకునే ఇంటి డ్యూటీలో ఉండరు. కాబట్టి ఒప్పుకునే ముందే మిమ్మల్ని పంపే కంపెనీ కోఆర్డినేటర్‌ను అడగండి: ఏ డాక్టర్ చూస్తున్నారు, అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి? ప్రిస్క్రిప్షన్ ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకోండి. పేషెంట్ కొడుకు అమెరికా నుంచి ఫోన్‌లో చెప్పినా సరే, రాతలో లేని ఇంజెక్షన్ వేయకండి.

తిరుపతిలో నాకు పడిన ఇళ్లన్నీ దాదాపు ఒకే తీరు. పిల్లలు బెంగళూరులోనో విదేశాల్లోనో ఉంటారు, ఇక్కడ రిటైరైన తాత, మంచం పట్టిన అవ్వ. మొదటి రోజు మందుల డబ్బా మొత్తం మంచం మీద పోయండి. రుయా ఆసుపత్రిలోనో స్విమ్స్ ఆసుపత్రిలోనో ఇచ్చిన డిశ్చార్జ్ కాగితం ఒకటి, వీధి డాక్టర్ చీటీ ఇంకొకటి ఉంటాయి. ఒకే బీపీ మందు రెండు పేర్లతో రెండు పూటలా పోతూ ఉండొచ్చు. స్ట్రిప్ మీద మందు అసలు పేరు చదివి పోల్చండి. తేడా కనిపిస్తే డాక్టర్‌కు చెప్పండి, మీరే ఆపేయకండి.

మన ఊళ్లో శనివారం మరీ జాగ్రత్త. వెంకన్నకు ఒక్కపొద్దుండే అవ్వలు చాలామంది, పెరటాసి నెలలో (సెప్టెంబర్-అక్టోబర్) ఇంకా ఎక్కువ. గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర మింగి టిఫిన్ మానేస్తే షుగర్ పడిపోవచ్చు. అలాగని ఒక్కపొద్దు వద్దని వాదించకండి. మీకు తెలియకుండా ఉంటారు, అది ఇంకా ప్రమాదం. శుక్రవారమే డాక్టర్‌ను అడిగి రేపటి మాత్ర, ఇన్సులిన్ సంగతి తేల్చుకోండి. "పాలు, పండు ఒక్కపొద్దుకు అడ్డం కాదు కదవ్వా" అంటే చాలామంది వింటారు. చెమట, వణుకు, చిరాకు కనిపిస్తే వెంటనే షుగర్ చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. పెరిగాక ఏదో ఒకటి తినిపించండి, ఆ మాత్ర ప్రభావం గంటల తరబడి ఉంటుంది. మగతగా ఉంటే మాత్రం నోట్లో చుక్క కూడా పోయకండి, 108కి ఫోన్ చేయండి.

ఎయిర్ బెడ్ ఉందని పక్కకు తిప్పడం మానకూడదు. రెండు గంటలకోసారి తిప్పాల్సిందే. నడుం కింది ఎముక, మడమలు రోజూ చూడండి. వేలితో నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. మన ఒంటి రంగుకు ఎరుపు తెలియదు, తాకి వేడి చూడాలి. అక్కడ నూనె రాసి రుద్దమని ఇంట్లోవాళ్లు అంటారు, ఒప్పుకోవద్దు. ముక్కు ట్యూబ్ ఉన్నవాళ్లకు రాగి జావ వడకట్టి పోయాలి, తలవైపు ఎత్తుగా పెట్టాలి, పోశాక అరగంటైనా పడుకోబెట్టకూడదు.

పేషెంట్ బట్టలు మార్చడం మన పనే, ఇంటిల్లిపాదికీ వంట మన పని కాదు. ఆ మాట మొదటి రోజే కోఆర్డినేటర్ చేత చెప్పించండి. ఏటీఎం కార్డు చేతిలోకి తీసుకోకండి. ఒళ్లు తుడిచేటప్పుడు గొలుసు తీయాల్సి వస్తే ఇంటివాళ్ల ఎదుటే తీసి వాళ్లకే ఇవ్వండి.

బీపీ, షుగర్, యూరిన్ ఎంత, విరేచనం అయిందా, చివరి మాత్ర ఎన్నింటికి: అన్నీ టైముతో నోట్‌బుక్‌లో రాయండి. తర్వాతి సిస్టర్ వచ్చి అది చదివేదాకా ఇల్లు వదలకండి. ఆమె ఆలస్యమైతే కోఆర్డినేటర్‌కు ఫోన్ చేసి మీ అదనపు గంటలు కూడా రాయించుకోండి.