బొమ్మల కథ గీద్దాం – 4వ పాఠం: నీడ చూసి గుర్తుపట్టాలి

పోయిన పాఠంలో ముఖంలో కోపం, ఏడుపు, నవ్వు ఎలా పలికించాలో చూశాం. ఈసారి ముఖం జోలికే వెళ్లం. మీ పాత్రను నిలువునా నల్లగా నింపేసినా, అది ఎవరో చూసేవాళ్లు ఠక్కున చెప్పగలగాలి. ఈ పాఠంలో నేర్చుకునేది అదే.

ఇందులో మనకు గురువు అకిరా తోరియామా. 1955లో జపాన్‌లోని ఐచీ ప్రాంతంలో పుట్టారు. ఆయన గీసిన 'డ్రాగన్ బాల్' అనే బొమ్మల కథ 1984 నుంచి 1995 దాకా ఒక వారపత్రికలో 519 అధ్యాయాలు నడిచింది. 2024 మార్చిలో ఆయన పోయారని తెలిసి, అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో అభిమానులు ఒకచోట చేరారు. ఆ కథలో హీరో గోకూ చేసినట్టే రెండు చేతులూ ఆకాశానికెత్తి నిలబడ్డారు. జపనీస్ ఒక్క ముక్క రానివాళ్లు కూడా ఆ బొమ్మల్ని ఇంతగా సొంతం చేసుకున్నారంటే, నా మటుకు నాకు పెద్ద కారణం ఆయన గీతలోని తేటదనమే. ఎక్కడా కన్ను తడబడదు.

ఇక పెన్సిల్ పట్టండి. గుండ్రంగా తల గీసి, గోకూ జుట్టు కుచ్చులు కుచ్చులుగా వెయ్యండి. రెండు పక్కలా సమానంగా వస్తే చెరిపెయ్యండి. ఒక పక్క ఎక్కువ, ఇంకో పక్క తక్కువ ఉండాలి. ఒక్కో కుచ్చు మొదట్లో వెడల్పుగా మొదలై సూదిమొనలా ముగియాలి. ఇప్పుడు స్కెచ్ పెన్‌తో నలుపు నింపండి. ఎంత టైమ్ పట్టిందో చూసుకున్నారా? వారం వారం పేజీలకు పేజీలు గీసే చోట ఈ పని అసిస్టెంట్‌కి పెద్ద భారం. అందుకే గోకూ సూపర్ సయాన్‌గా, అంటే బలం ఎన్నో రెట్లు పెరిగిన రూపంలోకి, మారినప్పుడు జుట్టుకి నలుపు వెయ్యకుండా తెల్లగా వదిలేశానని తోరియామానే చెప్పారు. రంగుల్లో బంగారంలా మెరిసే ఆ జుట్టు పేజీ మీద ఉత్త ఖాళీ కాగితం!

పక్కనే ఇంకో తల గీయండి. కుచ్చులన్నీ నిటారుగా పైకి లేపి, లోపల ఖాళీగా వదలండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, మనిషి అతనే, కానీ ఏదో జరిగిందని మాట అక్కర్లేకుండానే తెలుస్తుంది.

కష్టమనిపిస్తే స్లైమ్‌తో మొదలుపెట్టండి. 1986లో వచ్చిన 'డ్రాగన్ క్వెస్ట్' వీడియో గేమ్ కోసం దాన్ని రూపొందించిన యూజీ హోరీ ఒక జిగురు ముద్ద (అదే స్లైమ్) గీసిస్తే, తోరియామా దాన్ని మొన తేలిన నీటిచుక్కలా మార్చి, గుండ్రటి కళ్లు, నవ్వే నోరు పెట్టారు. కళ్లూ నోరూ తీసేసినా ఆ చుక్క చుక్కే.

ఇంటిపని: మీ కథలోని ముగ్గుర్ని బొటనవేలంత సైజులో గీసి, పూర్తిగా నల్లగా నింపి, ఇంట్లో పిల్లలకి చూపించండి. ఎవరు ఎవరో చెప్పలేకపోతే ముఖాలు దిద్దుతూ కూర్చోకండి. జుట్టో, భుజాలో, వేసుకున్న బట్టలో మార్చండి. ఆ కాగితం దాచుకోండి. 5వ పాఠంలో ఆ ముగ్గుర్నే ప్యానెళ్లలోకి, అంటే పేజీలో కథ నడిచే గళ్లలోకి, దింపుతాం.