బండి లాగట్లేదా? కొత్త పికప్ బుక్ చేసే ముందు ఇవి చూసుకోండి

"బండి లాగట్లేదన్నా, అమ్మేసి ఏది తీసుకోమంటావ్?" అని అడిగేవాళ్లను నేను ముందు ఒకటే అడుగుతాను. లాగట్లేదంటే ఎక్కడ, ఎంత లోడుతో, ఎప్పట్నుంచి? దీనికి జవాబు లేకుండా షోరూమ్‌కు పోతే వాళ్లు హార్స్‌పవర్ లెక్కలు చెప్తారు, మనం తలూపుతాం, అడ్వాన్స్ కట్టి ఇంటికొస్తాం. నేను మెకానిక్‌ను కాను. అనంతపురం దగ్గర చీనీ (బత్తాయి) తోట ఉంది, మా కాయలూ చుట్టుపక్కల వాళ్ల కాయలూ యార్డుకు తోలడానికి డీజిల్ పికప్ పెట్టుకున్నాను, టమోటా సీజన్‌లో మదనపల్లె దాకా పోతుంటాను. ఇప్పుడున్నది రెండో బండి. మొదటిదాన్ని తెలివితక్కువగా అమ్ముకున్నాను, ఆ కథ కింద ఉంది.

బండి పెట్టే ఇబ్బందులు మూడు రకాలు. రిపేరుతో పోయేవి కొన్ని, మన తోలుడూ లోడింగూ మార్చుకుంటే పోయేవి కొన్ని, మన పనికి బండే చాలనందువల్ల వచ్చేవి కొన్ని. కొత్త బండితో నయమయ్యేది ఆ మూడో రకం ఒక్కటే. మిగతావి కొత్త బండిలోకి కూడా మనతోపాటే ఎక్కి కూర్చుంటాయి.

సమస్య: ఎక్కుడులో లాగదు, యాక్సిలేటర్ తొక్కినా పికప్ రాదు

చౌకైన కారణం నుంచి మొదలుపెట్టండి. మొదటిది ఎయిర్ ఫిల్టర్. మన ఎర్రదుమ్ములో, తోటల మట్టిబాటల్లో తిరిగే బండికి మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్ల దాకా ఫిల్టర్ ఆగదు, సగానికే మూసుకుపోతుంది. కంప్రెసర్ గాలి పెడితే లోపలి నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో పెట్టండి. బయట నుంచి గట్టిగా ఊదితే కాగితం చిరుగుతుంది, ఆ చిరుగులోంచి దుమ్ము నేరుగా టర్బోలోకి, అంటే ఇంజన్‌లోకి గాలిని నెట్టే పంకాలోకి పోతుంది. రెండోది డీజిల్ ఫిల్టర్. డబ్బాల్లో తెచ్చి పోసే అలవాటుంటే నీళ్లూ నలుసులూ తప్పవు, ఫిల్టర్ కింద స్క్రూ వదులు చేసి నీళ్లు దించేసుకోవాలి.

మూడోది టర్బో గొట్టం, ఇక్కడే నేను మోసపోయాను. నా పాత బండి ఒక వేసవిలో ఉన్నట్టుండి నీరసపడింది. లోడుతో ఎక్కుడు వస్తే నల్లపొగ, ఈల వేసినట్టు సన్నటి శబ్దం. షెడ్డులో ఒకాయన ఇంజన్ దింపాలన్నాడు, నాకు టెన్షన్ పట్టుకుని, దింపేదాని కన్నా అమ్మేదే మేలని వచ్చిన రేటుకు ఇచ్చేశాను. కొన్నాయన వారంలోపే టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచేదానికి) పోయే రబ్బరు గొట్టం మార్పించుకున్నాడు. బిగింపు పట్టీ దగ్గర వెంట్రుకవాసి పగులంట. ఇప్పటికీ అదే బండి నా ముందరే యార్డుకు లోడు తెస్తాడు, కనిపిస్తే హారన్ కొట్టి నవ్వుతాడు. కాబట్టి ఇంజన్ ఆఫ్ చేసి చల్లారాక ఆ గొట్టాలన్నీ చేత్తో పిసికి చూడండి. పగులు దగ్గర నూనె తేమ తగిలిందంటే దొంగ దొరికినట్టే.

నాలుగోది క్లచ్. ఎక్కుడులో ఇంజన్ మోత పెరుగుతుంది గానీ స్పీడు పెరగదు, కాలిన వాసన వస్తుంది. అది ఇంజన్ తప్పు కాదు, ప్లేటు అరిగింది.

ఈ నాలుగూ సరిగ్గా ఉండి, బండి కంప్యూటర్‌లోని లోపాలు చదివే స్కానర్‌లో కూడా ఏమీ రాక, ఇంకా లాగట్లేదంటే అప్పుడు బండిని కాటా మీదికి తీసుకుపోండి. దాని గురించి కింద వివరంగా రాస్తున్నాను.

సమస్య: ఎండాకాలం టెంపరేచర్ సూది పైకి పోతోంది

మా దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 దాటుతుంది, ఆ వేడికి బండి వేడెక్కడం మామూలేలే అనుకుంటారు. మామూలు కాదు. బండిని తయారుచేసేది ఆ ఎండను తట్టుకునేట్టే. ఎక్కువసార్లు కారణం మనం పోసే నీళ్లు. రేడియేటర్‌లో నీళ్లు తగ్గాయని దారిలో బోరు నీళ్లు పోస్తాం, మన బోరు నీళ్లలో ఉప్పెంత ఉంటుందో ఇంట్లో గీజర్ తెరిచి చూస్తే తెలుస్తుంది, అదే తెల్లటి పొర రేడియేటర్ సన్నగొట్టాల్లోనూ పేరుకుంటుంది. మా మెకానిక్ మాటల్లో చెప్పాలంటే "బోరు నీళ్లతో కడుపు నింపితే ఇంజన్ యాడ బతుకుతాది నాయినా". పరిష్కారం: పాత నీళ్లు మొత్తం దింపి, ఫ్లష్ చేయించి, కంపెనీ చెప్పిన కూలెంట్ పోయండి. తర్వాత రేడియేటర్ ముందరి జల్లెడలో ఇరుక్కున్న దుమ్ము, పురుగులు, గడ్డి కడిగించండి. అప్పటికీ తగ్గకపోతే ఫ్యాన్ బెల్టు, ఫ్యాన్ కప్లింగ్, థర్మోస్టాట్ చూపించాలి. వేడి మీద మాత్రం రేడియేటర్ మూత తిప్పొద్దు, మొహం కాల్చుకున్నవాళ్లను చూశాను.

సమస్య: పొగ

నల్లపొగ అంటే డీజిల్‌కు తగ్గ గాలి అందట్లేదు, లేదా ఇంజెక్టర్ ఎక్కువ పోస్తోంది. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. తెల్లపొగ పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కాసేపు వస్తే పర్వాలేదు, వేడెక్కాక కూడా వస్తూ కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ తలకూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) అనుమానించాలి. నీలం పొగతోపాటు, ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత తీస్తే గుప్పుగుప్పున ఆవిరి కొడుతోందంటే పిస్టన్ రింగులు పోయినట్టు, ఇక ఆ బండి మీద ఎంత పెట్టొచ్చో లెక్క వేసుకోవాల్సిందే. సెకండ్‌హ్యాండ్ బండి చూడబోయినప్పుడు కూడా ఈ మూత పరీక్ష మర్చిపోవద్దు.

సమస్య: లైటు వెలిగింది, ఆ తర్వాత బండి స్పీడు అందుకోవట్లేదు

ఇది బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బండ్ల గొడవ, అంటే 2020 ఏప్రిల్ తర్వాతవి. సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అని మసిని పట్టే జల్లెడ ఉంటుంది. అది నిండినప్పుడు ఎగ్జాస్ట్ బాగా వేడెక్కితేనే మసి కాలి ఖాళీ అవుతుంది. ఊళ్లోనే రెండు మూడు కిలోమీటర్ల ట్రిప్పులు కొడుతూ, లోడింగ్ దగ్గర గంటలకొద్దీ ఐడిల్‌లో వదిలేస్తే అంత వేడి రాదు, జల్లెడ నిండి కంప్యూటర్ పవర్ తగ్గించేస్తుంది. మొదట లైటు వెలిగినప్పుడే 44వ నంబరు హైవే ఎక్కి ఇరవై, ముప్పై నిమిషాలు ఒకే స్పీడులో తోలితే చాలావరకు పోతుంది. దాన్ని వదిలేసి చెక్ ఇంజన్ లైటు కూడా వెలిగేదాకా తోలితే ఇక వర్క్‌షాపే గతి.

కొన్ని బండ్లకు డెఫ్ ట్యాంకు కూడా ఉంటుంది, పొగలోని విషవాయువులు తగ్గించే ద్రవం అది. డెఫ్ అంటే యూరియా నీళ్లే కదా, ఇంట్లో బస్తా ఉంది కదా అని కలిపినాయన ఒకడున్నాడు మా వైపు! డెఫ్‌లో 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీళ్లు. పొలానికి వేసే యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, 2015 నుంచి దేశమంతా వేపపూత యూరియానే. అది ఇంజెక్టర్‌నూ క్యాటలిస్ట్‌నూ కలిపి తినేస్తుంది. బస్తాలో మిగిల్చింది ఎంత, రిపేరుకు పెట్టింది ఎంత అని ఆయన్ను ఇప్పటికీ ఎవరూ అడగరు, ఊరుకోడు.

మీ పని మొత్తం ఊళ్లో చిన్న ట్రిప్పులే అయితే మాత్రం ఇది తోలుడుతో పోయే సమస్య కాదు. మీకు పెద్ద డీజిలే అవసరం లేదేమో, చిన్న సీఎన్‌జీ బండి చాలేమో చూసుకోండి.

సమస్య: కమాన్ పట్టీలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) విరుగుతున్నాయి, వెనక టైర్లు ఆగట్లేదు

అందరూ చేసేది ఇంకో పట్టీ వేయించడం. పట్టీ వేస్తే వెనక కుంగడం తగ్గుతుంది, నిజమే. కానీ యాక్సిల్, బేరింగులు, బ్రేకులు, ఛాసిస్ పాతవే. బరువు ఎక్కడికీ పోలేదు, విరిగే చోటు మారింది, అంతే.

అసలు కారణం దాదాపు ఎప్పుడూ బ్రోషర్ లెక్కను నమ్మడమే. బండిని నిండు ట్యాంకుతో, బాడీ, జాలీ, తార్పాలిన్, తాళ్లు, స్టెప్నీ, డ్రైవరూ క్లీనరూ అందరితో కాటా వేయించండి. ఆర్సీలో రాసిన జీవీడబ్ల్యూలోంచి (బండీ లోడూ కలిపి ఉండాల్సిన గరిష్ఠ బరువులోంచి) ఆ అంకె తీసేస్తే మిగిలేదే మీ అసలు లోడు. టన్నున్నర బండి అని చెప్పి ఇచ్చిన నా బండికి ఇలా తీస్తే మిగిలింది 1,240 కిలోలు. ఇనుప బాడీ కొంచెం దిట్టంగా కట్టించుకున్న పాపానికి రెండు వందల అరవై కిలోలు పోయాయి. నేనేమో 25 కిలోల క్రేట్లు 70 ఎక్కించేవాణ్ని, అంటే కాయలే 1,750, క్రేట్ల సొంత బరువు అదనం. పట్టీలు విరక్క ఏం చేస్తాయి.

2019లో మారిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఓవర్‌లోడుకు జరిమానా 20,000 రూపాయలు, పైగా ఎక్కువైన ఒక్కో టన్నుకు 2,000. ఎక్కువ సరుకు దించాక గానీ బండి కదలనివ్వరు, మధ్యాహ్నం ఎండలో టమోటాలు దించి రోడ్డు పక్కన పెడితే ఏమవుతాయో చెప్పక్కర్లేదు.

బరువు లెక్కలోనే ఉన్నా పట్టీలు విరుగుతుంటే లోడు ఎక్కడ పెడుతున్నారో చూడండి. బరువైనది క్యాబిన్ వైపు, వెనక యాక్సిల్‌కు కాస్త ముందు పడాలి. తోక వైపు బరువైతే ముందు చక్రాలు తేలిక అవుతాయి, స్టీరింగ్ చేతికి దూదిలా ఉంటుంది, కడప నుంచి రాయచోటి పోయేటప్పుడు, పాలకోవాకు పేరుపడ్డ గువ్వలచెరువు ఘాట్‌లో అలాంటి బండి ఎక్కితే పాలకోవా గుర్తుకురాదు, దేవుడు గుర్తుకొస్తాడు.

సమస్య: మైలేజీ పడిపోయింది

ట్యాంకు ఫుల్ చేసి, తోలి, మళ్లీ ఫుల్ చేసి లెక్క కట్టండి, మీటరు చూపించేది కాదు. నిజంగానే తగ్గితే టైర్ల గాలి, పట్టుకుపోతున్న బ్రేకు, ఎయిర్ ఫిల్టర్. తోలి ఆపాక ఒక చక్రం డ్రమ్ము మిగతావాటికంటే వేడిగా ఉంటే ఆ బ్రేకే పట్టుకుపోతున్నట్టు.

ఇవన్నీ సరిచేసుకున్నా బండి చాలట్లేదా? అయితే ఇప్పుడు కొత్తది

యూట్యూబ్‌లో కనిపించే ఫోర్డ్ ఎఫ్-250, రామ్ 2500 లాంటివి 6.7 లీటర్ల డీజిల్ ఇంజన్లతో ఇల్లంత ట్రైలర్లు లాగుతుంటాయి, చూడ్డానికి బాగుంటాయి, మన షోరూముల్లో దొరకవు. మన బేరం టన్నున్నర, రెండు టన్నుల మధ్య.

మహీంద్రా బొలెరో పికప్‌లో 2.5 లీటర్ల ఇంజన్, 1.3 టన్నుల నుంచి రెండు టన్నుల మ్యాక్స్ హెచ్‌డీ దాకా రకాలున్నాయి. ఏ పల్లెలో ఆగిపోయినా దీని మీద చెయ్యి వేసిన మెకానిక్ ఒకడు దొరుకుతాడు, నాకైతే అదే పెద్ద గుణం. 2022లో వచ్చిన టాటా యోధ 2.0లో 2.2 లీటర్ల ఇంజన్, 100 హెచ్‌పీ, 250 ఎన్ఎం టార్క్ (లాగే బలం), లోడు రెండు టన్నులు. అంకెల్లో దీనిదే పైచేయి. టాటా ఇంట్రా వీ50 1.5 లీటర్ల చిన్న ఇంజన్‌తో టన్నున్నర మోస్తుంది. అశోక్ లేలాండ్ బడా దోస్త్ కూడా 1.5 లీటర్లదే, మూడు సిలిండర్లు, 80 హెచ్‌పీ, సందుల్లో తిప్పడానికి సుఖం. ఇసుజు డీ-మాక్స్ మన శ్రీసిటీలోనే తయారవుతుంది, 2.5 లీటర్ల ఇంజన్, 176 ఎన్ఎం.

ఇందులో ఏది గొప్ప అని అడక్కండి, మీరేం మోస్తారో చెప్పండి. తాడిపత్రి, బేతంచెర్ల వైపు నాపబండలు తోలేవాళ్లకు ట్రే పొడుగుతో పనిలేదు, ఒక ఘనమీటరు రాయి రెండున్నర టన్నులు పైనే తూగుతుంది, ట్రే సగం కూడా నిండకముందే బండి నిండిపోతుంది. వాళ్లు రెండు టన్నుల బండి, గట్టి పట్టీలు, పెద్ద ఇంజన్ చూసుకోవాలి. ఆదోని పత్తి, వేరుశనగ కట్టె మోసేవాళ్లకు తిరగేసి లెక్క, బరువు తక్కువ, చోటు ఎక్కువ కావాలి, ట్రే పొడుగు టేపు పెట్టి కొలవండి. టమోటా వాళ్లు ఇంకో సంగతి చూడాలి. రెండు టన్నుల బండిలో ఏడెనిమిది వందల కిలోలు వేసుకుని మట్టిబాటలో పోతే ఆ గట్టి పట్టీలు కుంగవు, బండి ఎగురుతుంది, అడుగు క్రేట్లలో కాయ చితుకుతుంది. ఎప్పుడో సీజన్‌లో పది రోజులు పెద్ద లోడు ఉంటుందని పెద్ద బండి కొంటే మిగతా ఏడాదంతా కాయ నష్టం, వాయిదా నష్టం. ఆ పది రోజులకు బాడుగ బండి పెట్టుకోండి. చీనీ కాపు లేని నెలల్లో బండి చెట్టు కింద నిలబడొచ్చు, ఈఎంఐ నిలబడదు.

లైసెన్స్ గురించి భయపడేవాళ్లకు: 7,500 కిలోల జీవీడబ్ల్యూ లోపు రవాణా బండ్లను ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్స్‌తోనే తోలవచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, ఈ పికప్‌లన్నీ ఆ లోపే. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. పాత బండి అమ్మాలా ఉంచుకోవాలా అనే లెక్కలో ఇదీ కలపండి.

ఇక డెమో. ఖాళీ బండిని హైవే మీద ఐదు నిమిషాలు తోలించి పంపిస్తారు, ఖాళీగా ఏ బండైనా గుర్రమే. మీరు మోసే లోడు కాటా చీటీ జేబులో పెట్టుకుని పోయి, అంత బరువు వేసి చూపించమనండి. ఎక్కుడు మధ్యలో ఆపి, మళ్లీ మొదటి గేరులో కదిలించండి, క్లచ్ వాసన వస్తోందా చూడండి. దిగుడులో రెండో గేరు వేసి బ్రేకు వదలండి, ఇంజన్ ఎంత పట్టి ఉంచుతుందో తెలుస్తుంది. డెమో బండికి బాడీ కట్టి ఉండదు కాబట్టి ఇంకో రెండు వందల కిలోలు ఎక్కువే వేయండి. నేను అడిగిన మొదటి షోరూమ్‌లో కుదరదన్నారు, టీ తాగి బయటికొచ్చేశాను. రెండో చోట సిమెంటు బస్తాలు వాళ్లే తెప్పించారు.