ఏ రిపేరు ఎవరి చేతికి? మెయింటెనెన్స్ అలొకేషన్ చార్ట్ ఎలా వెయ్యాలంటే

టెక్నికల్ మాన్యువల్స్ రాసే పనిలో చేరిన కొత్తలో నాకు ట్రైనింగ్ కింద 10 కిలోవాట్ల డీజిల్ జనరేటర్ ఒకటి చూపించి, అమెరికన్ ఆర్మీ పద్ధతిలో దీనికి మెయింటెనెన్స్ అలొకేషన్ చార్ట్ వేసుకురా అన్నారు. పేరు పెద్దది గానీ అదో టేబులే, ఏ పార్టు మీద ఏ పని ఎవరు చెయ్యాలి, ఎంతసేపు పడుతుంది, ఏ టూల్ కావాలి అని. నేనేం చేశానంటే సులువుగా కనపడినవన్నీ ఆపరేటర్‌కి, కష్టంగా కనపడినవన్నీ డిపోకి, అంటే వెనకుండే పెద్ద వర్క్‌షాపుకి రాసేసి, ఫ్యూయల్ ఇంజెక్షన్ పంపు విప్పడమెంత, నాలుగు నట్లే కదా అని దాని క్యాలిబ్రేషన్ (కొలిచి సరిచెయ్యడం) కూడా ఫీల్డ్ మెకానిక్ ఖాతాలో పడేశా. రివ్యూ చేసేది ఈఎంఈలో, అంటే మన ఆర్మీలో రిపేర్లు చూసే విభాగంలో సుబేదార్‌గా రిటైరైన పెద్దాయన, మేమంతా సాబ్ అనే పిలుస్తాం. కళ్లజోడు పైకెత్తి "బానే ఉంది నాయనా, మరి టెస్ట్ బెంచ్ ఎవరు మోసుకెళ్తారు, నువ్వా?" అన్నాడు.

పంపు క్యాలిబ్రేషన్‌కి టెస్ట్ బెంచ్ అనే పెద్ద పరీక్ష యంత్రం కావాలి. అక్కడ నాకు అర్థమైంది ఏంటంటే లెవెల్‌ని, అంటే పని ఏ మెట్టులో జరగాలన్నది తేల్చేది పని కష్టమా సులువా అన్నది కాదు, ఆ పనికి కావాల్సిన సరంజామా ఆ చోట ఉందా లేదా అన్నది.

ముందు లెవెల్స్ సంగతి. అమెరికన్ ఆర్మీలో పాత పద్ధతిలో నాలుగు మెట్లు ఉండేవి, యూనిట్, డైరెక్ట్ సపోర్ట్, జనరల్ సపోర్ట్, డిపో. 2000ల్లో దాన్ని రెండుకి కుదించారు, ఫీల్డ్, సస్టెయిన్‌మెంట్. చార్ట్‌లో ఒక్కోదానికి ఒక అక్షరం: ఫీల్డ్‌లో మళ్లీ క్రూకి (మెషీన్ నడిపేవాళ్లకి) సీ, మెకానిక్‌కి ఎఫ్. సస్టెయిన్‌మెంట్‌లో డిపో కంటే కింది షాపు అయితే హెచ్, డిపో అయితే డీ. తేడా గుర్తుపెట్టుకోడానికి తేలిక దారి ఒకటుంది: ఫీల్డ్‌లో బాగైన బండి మళ్లీ అదే డ్రైవర్ చేతికొస్తుంది, సస్టెయిన్‌మెంట్‌లో బాగైన ఇంజన్ మామూలుగా స్టోర్‌కి పోతుంది, తర్వాత ఎవరి బండిలో ఎక్కుతుందో ఎవరికీ తెలీదు. పాత మాన్యువల్స్ తిరగేస్తే నాలుగు మెట్లూ ఇంకా కనిపిస్తాయి, నంబర్ చివర 10 ఉంటే ఆపరేటర్‌ది, 20 ఉంటే యూనిట్ మెకానిక్‌ది, పక్కన &పీ ఉంటే స్పేర్ పార్టుల లిస్టు కూడా అందులోనే ఉన్నట్టు.

ఇక వెయ్యడం. మెషీన్‌ని గ్రూపులుగా విడగొట్టండి, ఇంజన్, ఫ్యూయల్ సిస్టమ్, కూలింగ్, ఎలక్ట్రికల్ ఇలా, ఆ కింద అసెంబ్లీలు. ప్రతి బోల్టుకీ ఒక వరస రాయక్కర్లేదు, ఏదో ఒక పని విడిగా జరిగే పార్టు వరకు దిగితే చాలు. తర్వాత ఒక్కో పార్టుకి ఏయే పనులున్నాయో రాసుకోండి: ఇన్‌స్పెక్ట్, టెస్ట్, సర్వీస్, అడ్జస్ట్, రీప్లేస్, రిపేర్, ఓవర్‌హాల్. ఇక్కడే అందరూ పప్పులో కాలేస్తారు, రీప్లేస్ వేరు రిపేర్ వేరు అని మర్చిపోతారు. స్టార్టర్ మోటర్ తీసుకోండి, వైర్లు ఊడాయా, బోల్టులు బిగువుగా ఉన్నాయా చూసుకోడం క్రూ పని, మల్టీమీటర్ పెట్టి టెస్ట్ చేసి పాతది తీసి కొత్తది బిగించేది ఫీల్డ్ మెకానిక్, ఆ తీసేసిన దాన్ని విప్పి బ్రష్‌లు, బేరింగ్‌లు మార్చడం మాత్రం వెనకున్న షాపులో. పార్టు ఒకటే, చేతులు మూడు. దీన్నంతా ఒకే వరసలో ఎఫ్ అని రాసేస్తే ఆ మెకానిక్ ఇసకలో కూర్చుని ఆర్మేచర్ (మోటర్ లోపల తిరిగే చుట్ట) చుట్టుకోవాల్సిందే.

లెవెల్ డిసైడ్ చేసేప్పుడు కిందనుంచి పైకి రండి. ప్రతి పనినీ ముందు క్రూకే ఇచ్చి, ఎందుకు కుదరదో చెప్పగలిగితేనే పై మెట్టుకి తొయ్యండి. బండితో పాటు వచ్చే బేసిక్ ఇష్యూ ఐటమ్స్‌లో ఆ టూల్ ఉందా? దుమ్ములో విప్పొచ్చా, లేక శుభ్రమైన గది కావాలా? ఆ పని అయ్యేదాకా బండి ఆగితే నష్టమెంత? స్పేర్ ఎక్కడ పెడతారు? ఖర్చు లెక్కలన్నీ కలిపి చూసే పద్ధతిని లెవెల్ ఆఫ్ రిపేర్ అనాలిసిస్ అంటారు, దానికి సాఫ్ట్‌వేర్‌లున్నాయి గానీ నా అనుభవంలో సగం వరసలు ఈ ప్రశ్నలతోనే తేలిపోతాయి.

అసలు కొన్ని చోట్ల చార్ట్ వెయ్యకముందే డిజైనే ఆ నిర్ణయం చేసేస్తుంది. అబ్రామ్స్ ట్యాంక్‌లో ఇంజన్, ట్రాన్స్‌మిషన్ కలిపి పవర్‌ప్యాక్ అని ఒకే ముద్దలా ఎత్తేలా కట్టారు, అందుకే ఫీల్డ్‌లో క్రేన్ పెట్టి మొత్తం లేపేసి ఇంకోటి దించుతారు, తీసింది వెనక్కి పోతుంది, ఆ టర్బైన్ ఇంజన్ ఓవర్‌హాల్ అలబామాలోని అనిస్టన్ డిపోలో.

క్రూ పనిని తక్కువగా చూడకండి. నడపబోయే ముందు, నడుపుతుండగా, నడిపాక ఏం చూడాలో వాళ్లకి టేబులే ఉంటుంది, దొరికిన లోపం 5988-ఈ ఫారంలోకి ఎక్కుతుంది, బండి కదలకూడదంటే పక్కన ఎక్స్ పడుతుంది. మన ఆర్మీలో ఇదే ఫస్ట్ పరేడ్, హాల్ట్ పరేడ్, లాస్ట్ పరేడ్. సాబ్ తిరుమలగిరిలోని ఈఎంఈ కాలేజీలో కోర్సు చేసొచ్చిన మనిషి, ఆయిల్ లెవెల్ చూడనివాడికి ఇంజన్ గురించి మాట్లాడే హక్కు లేదంటాడు.

టైమ్ కాలమ్‌లో గంటని పది భాగాలు చేసి రాస్తారు. 0.1 అంటే 6 నిమిషాలు, 0.3 అంటే 18, కొత్తవాళ్లు 30 నిమిషాలనుకుని 0.3 వేస్తారు, నేనూ వేశా. ఆ టైమ్‌లో విప్పి బిగించడమే కాదు, లోపం వెతకడం, అయ్యాక చెక్ చెయ్యడం కూడా కలిసే ఉండాలి. టూల్స్ కాలమ్‌లో పేరు రాయరు, కింద లిస్టులోని నంబర్ వేస్తారు. రిమార్క్స్ కాలమ్‌లో ఒక అక్షరం వేసి వివరం కింద ఇస్తారు.

అన్నీ అయ్యాక పార్టుల లిస్టులో ఒక్కో పార్టు పక్కనుండే ఎస్ఎంఆర్ (సోర్స్, మెయింటెనెన్స్, రికవరబిలిటీ) కోడ్‌తో పోల్చండి, ఇది మాత్రం వదలొద్దు. ఐదక్షరాల కోడ్ అది, ఉదాహరణకి పీ ఏ ఎఫ్ జడ్ జడ్. మొదటి రెండూ పార్టు ఎక్కణ్ణించి వస్తుందో చెప్తాయి, మూడోది ఎవరు మార్చొచ్చో, నాలుగోది ఎవరు పూర్తిగా రిపేర్ చెయ్యొచ్చో, ఐదోది పాడైతే ఏం చెయ్యాలో. నాలుగులో జడ్ ఉంటే రిపేర్ లేదు, ఐదులో జడ్ ఉంటే పారెయ్యడమే. చార్ట్‌లో మీరు రిపేర్‌కి హెచ్ వేసి కోడ్‌లో జడ్ ఉందనుకోండి, ఒకడు దాన్ని జాగ్రత్తగా ప్యాక్ చేసి షాపుకి పంపుతాడు, ఇంకోడు చెత్తలో వేస్తాడు, ఇద్దరి చేతిలోనూ మాన్యువల్ ఉంటుంది.

నా చార్ట్ మూడోసారికి పాసైంది. ఇంజెక్షన్ పంపు వరసలు ఇప్పుడు ఇలా ఉన్నాయి: లీక్ చూడ్డం సీ 0.1, మార్చడం ఎఫ్, రిపేరూ క్యాలిబ్రేషన్ డీ, పక్కన రిమార్క్స్‌లో టెస్ట్ బెంచ్ కావాలి అని. దాని కింద సాబ్ పెన్సిల్‌తో చిన్న టిక్ పెట్టి, "చాయ్ నువ్వే తాగించాలి" అని రాశాడు.