ఫ్రేజల్ వెర్బ్‌లు బట్టీ పట్టకుండా నేర్చుకోవడం ఎలా?

ఫ్రేజల్ వెర్బ్ అంటే ఒక క్రియ పక్కన అప్, ఆన్, ఆఫ్ లాంటి చిన్న మాట చేరి, రెండూ కలిసి ఒకే అర్థం ఇచ్చేది. స్పోకెన్ ఇంగ్లిష్ మెటీరియల్‌లో ఇవి చాలావరకు ఒకే తీరులో ఉంటాయి. గెట్ అప్, గెట్ ఆన్, గెట్ ఓవర్, గెట్ త్రూ అని వరసగా ఇచ్చి, పక్కన తలా ఒక తెలుగు అర్థం రాస్తారు. అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి కోచింగ్‌కి వెళ్లే పిల్లలు ఆ లిస్టునే రాత్రిళ్లు బట్టీ పడతారు. తీరా ఇంటర్వ్యూలో కూర్చున్నాక అది గెట్ ఓవరా, గెట్ త్రూనా అని టెన్షన్. ఒకే పోలికున్న మాటలు పక్కపక్కన పెట్టి చదివితే కలగాపులగం కాక ఏమవుతాయి? ఆ లిస్టు అవతల పెట్టి, మీ రోజు ఎలా గడుస్తుందో ఆ వరసలో నేర్చుకోండి.

1. ముందు మీకు వచ్చినవి రాసుకోండి

"ఆ ప్లాన్ వర్కవుట్ కాదు", "స్టేషన్ దగ్గర నన్ను పికప్ చేసుకో", "వాళ్లిద్దరికీ బ్రేకప్ అయిందట". ఇవన్నీ మనం రోజూ అనేవే. కాకపోతే తెలుగులో వీటిని నామవాచకాలుగా మార్చుకుని, చివర 'చేయడం', 'అవడం' తగిలించాం. ఇంగ్లిష్‌లో మాట్లాడేటప్పుడు ఆ తోక తీసేయాలి: "పిక్ మీ అప్", "ఇట్ వోంట్ వర్క్ అవుట్", "దే బ్రోక్ అప్". కాలాన్ని బట్టి మారేది మొదటి మాటే. అప్, అవుట్, ఆఫ్ మారవు.

2. వెనకున్న చిన్న మాట మీద చెవి పెట్టండి

ఇక్కడ తెలుగువాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. 'తిను'కీ 'తినేయ్'కీ తేడా మనకెవరూ నేర్పలేదు. రెండోదాంట్లో ప్లేటు ఖాళీ అవ్వాలన్న మాట ఉంది. 'ఈట్', 'ఈట్ అప్' మధ్య తేడా కూడా దాదాపు అంతే. 'డ్రింక్ అప్' అంటే తాగేయడం, 'యూజ్ అప్' అంటే వాడేయడం. అప్ అంటే పైకి అని పట్టుకుని కూర్చుంటే ఇది ఎప్పటికీ అంతుపట్టదు. అలాగే క్యారీ ఆన్, కీప్ ఆన్, గో ఆన్‌లలో 'ఆన్' వచ్చి, ఆపకుండా చేస్తూ పోవడాన్ని చెబుతుంది. అన్నింటికీ ఈ లెక్క అతకదు. 'టర్న్ అప్' అంటే రావడం, హాజరవడం. అలాంటివి ఉన్నవి ఉన్నట్టు గుర్తుపెట్టుకోవాల్సిందే.

3. ప్రయాణంలో వాడండి

దిల్‌సుఖ్‌నగర్ నుంచి హైటెక్ సిటీకి మెట్రోలో వెళ్తున్నారనుకుందాం. దిల్‌సుఖ్‌నగర్‌లో రెడ్ లైన్ రైలు 'గెట్ ఆన్', అమీర్‌పేటలో 'గెట్ ఆఫ్', అక్కడ బ్లూ లైన్ రైలు మళ్లీ 'గెట్ ఆన్'. హైటెక్ సిటీలో దిగి ఆఫీసుకి క్యాబ్ ఎక్కితే మాత్రం 'గెట్ ఇన్', దిగితే 'గెట్ అవుట్'. తెలుగులో అన్నింటికీ ఎక్కడం, దిగడమే కాబట్టి మనం తడబడేది ఇక్కడే. లోపల నిలబడి నడవగలిగే బస్సు, రైలు, విమానాలకి ఆన్, ఆఫ్. ఒంగి దూరి కూర్చునే కారుకి ఇన్, అవుట్. బైకుకి మళ్లీ ఆన్, ఆఫ్. దాని లోపలికి వెళ్లేదేమీ లేదు కదా!

4. ఎవరిని, దేన్ని అనేది ఎక్కడ పెట్టాలో చూసుకోండి

"పిక్ అప్ మై సన్", "పిక్ మై సన్ అప్" రెండూ సరైనవే. 'మై సన్' బదులు 'హిమ్' వచ్చిందంటే మాత్రం అది మధ్యలోనే కూర్చోవాలి: "పిక్ హిమ్ అప్". "పిక్ అప్ హిమ్" తప్పు. లుక్ ఆఫ్టర్, లుక్ ఇంటు లాంటివి విడిపోవు: "లుక్ ఆఫ్టర్ హిమ్". ఏది విడిపోతుందో తెలియాలంటే లెర్నర్స్ డిక్షనరీ, అంటే ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసం చేసిన డిక్షనరీ చూడండి. 'పుట్ సంథింగ్ ఆఫ్' అని మధ్యలో ఖాళీ చూపించి మరీ ఇస్తారు. ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉన్నాయి. పుస్తకమే కావాలంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో వెతకండి, బేరం మీ ఓపిక.

5. ఒక్కో అర్థానికి మీ సొంత వాక్యం ఒకటి

'టేక్ ఆఫ్ = బయలుదేరు' అని రాస్తే లాభం లేదు. "అవర్ ఫ్లైట్ టుక్ ఆఫ్ లేట్" శంషాబాద్‌కి, "టేక్ ఆఫ్ యువర్ షూస్" ఇంటి గుమ్మానికి. రెండూ వేర్వేరు పేజీల్లో రాయండి. రోజుకి మూడు నాలుగు చాలు. రాసింది పైకి చదవండి. ఇలా విడిపోయే వాటిలో నొక్కి పలికేది సాధారణంగా చిన్న మాటనే: "టేక్ దెమ్ *ఆఫ్*".

6. ఆఫీసులో దెబ్బ కొట్టేవి

మీటింగ్ 'పుట్ ఆఫ్' అయిందంటే ఇంకోరోజుకి వాయిదా పడింది. 'కాల్ ఆఫ్' అయిందంటే ఇక లేదు. ఈ రెండూ తారుమారు చేస్తే జరగని మీటింగ్‌కి ప్రెజెంటేషన్ తయారుచేసుకుని కూర్చుంటారు. "ఐ విల్ లుక్ ఇంటు ఇట్" అంటే సంగతేంటో కనుక్కుంటానని మాత్రమే, చేసిపెడతానని కాదు. "వీ విల్ గెట్ బ్యాక్ టు యూ"కి డిక్షనరీలో ఉన్న అర్థం, మళ్లీ మీకు కబురు చేస్తామని. ఇంటర్వ్యూకి వెళ్లొచ్చిన వాళ్లనడిగితే ఇంకోటి చెబుతారు.

మన దగ్గర చెల్లి, బయట చెల్లనివి కూడా ఉన్నాయి. "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022" అంటే ఇక్కడ డిగ్రీ పూర్తయిందని అర్థం. అమెరికా క్లయింట్‌కి మాత్రం స్పృహ తప్పి పడిపోయినట్టు వినిపిస్తుంది, "గ్రాడ్యుయేటెడ్" అనండి. 'కోప్ అప్ విత్' అనేది అసలు లేదు, 'కోప్ విత్' ఒక్కటే.

ఇంకొక్క మాట. ఫ్రేజల్ వెర్బ్‌లలో చాలావాటికి మాటల్లో ఉన్న చలామణి ఆఫీసు ఉత్తరాల్లో ఉండదు. టీమ్ వాట్సాప్ గ్రూపులో "లెట్స్ పుట్ ఇట్ ఆఫ్" అని పెట్టండి, క్లయింట్‌కి రాసే మెయిల్‌లో మాత్రం 'పోస్ట్‌పోన్' అనే రాయండి.