ఫీడ్లు, న్యూస్‌గ్రూపులు: థండర్‌బర్డ్‌తో మొదలుపెట్టడం ఎలా?

పది సైట్లలో కొత్తగా ఏం వచ్చిందో తెలుసుకోవడానికి రోజూ పదింటినీ తెరిచి చూడనక్కర్లేదు. చాలా సైట్లు తమ కొత్త వ్యాసాల పట్టికను ఒక చిన్న ఫైలుగా తయారుచేసి పెడతాయి. శీర్షిక, లింకు, తేదీ, దానితో పాటు సారాంశమో పూర్తి వ్యాసమో అందులో ఉంటాయి. ఆ ఫైలే ఫీడ్. దాన్ని అప్పుడప్పుడూ తెచ్చి, కొత్తవాటిని ఒకచోట చూపించే ప్రోగ్రాం ఫీడ్ రీడర్. మీకు ఏది ముందు చూపించాలో ఏ కంపెనీ లెక్కలూ నిర్ణయించవు. మీరు ఎంచుకున్న సైట్లే, తేదీ వరుసలో వస్తాయి. ఈమెయిల్ ఇవ్వకుండా చదువుకోగలిగే ఇంత సులువైన పద్ధతి ఉన్నా చాలామందికి తెలియకపోవడం నిజంగా బాధాకరం.

ఫీడ్లలో రెండు రకాలు కనిపిస్తాయి: 1999లో నెట్‌స్కేప్ సంస్థలో పుట్టిన ఆర్‌ఎస్‌ఎస్, 2005లో ప్రమాణంగా ఖరారైన ఆటం. రీడర్లు రెండింటినీ చదువుతాయి కాబట్టి ఏది దొరికితే అది తీసుకోండి.

ఫీడ్ అడ్రసు పట్టుకోవడం

కొత్తవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. సైటు అడ్రసు వేరు, ఫీడ్ అడ్రసు వేరు. ఫీడ్లీ, ఇనోరీడర్ లాంటి ఆన్‌లైన్ రీడర్లలో సైటు అడ్రసు ఇస్తే చాలాసార్లు ఫీడ్‌ను అవే వెతుక్కుంటాయి. దొరక్కపోతే ఇలా చేయండి.

వర్డ్‌ప్రెస్‌తో నడిచే సైటైతే అడ్రసు చివర స్లాష్ పెట్టి, ఇంగ్లిషు అక్షరాల్లో ‘ఫీడ్’ అని చేర్చండి. బ్లాగర్ బ్లాగైతే ‘ఫీడ్స్’, ‘పోస్ట్స్’, ‘డిఫాల్ట్’ అనే మూడు మాటలను, ఒక్కోదాని ముందు ఒక స్లాష్‌తో, అదే వరుసలో చేర్చాలి. ఈ రెండూ కాకపోతే కంప్యూటర్లో ఆ పేజీ తెరిచి, కంట్రోల్, యు కలిపి నొక్కండి. పేజీ కోడ్ వస్తుంది. కంట్రోల్, ఎఫ్ నొక్కి ఇంగ్లిషులో ఆర్‌ఎస్‌ఎస్ అనో ఆటం అనో వెతకండి. ఆ వరుసలో కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న లింకే మీక్కావలసింది.

ఫీడ్ అడ్రసును బ్రౌజర్లో తెరిస్తే కోడ్ కనిపించవచ్చు, లేదా ఫైలు డౌన్‌లోడ్ కావచ్చు. కంగారు పడకండి, ఫీడ్ బాగానే ఉంది. ఫైర్‌ఫాక్స్ కూడా 2018 డిసెంబరులో వచ్చిన 64వ వెర్షన్‌తో ఫీడ్లను చూపించడం మానేసింది. అడ్రసు కాపీ చేసుకుంటే సరిపోతుంది.

థండర్‌బర్డ్‌లో చేర్చడం

కంప్యూటర్లో వాడుకోవడానికి థండర్‌బర్డ్ అనే ఈమెయిల్ ప్రోగ్రాం మంచి ఎంపిక. అది ఉచితం, పైగా ఫీడ్లూ, న్యూస్‌గ్రూపులనే చర్చావేదికలూ రెండూ అందులోనే చదవొచ్చు.

1. అకౌంట్ సెట్టింగ్స్ తెరిచి, కింద ఉన్న అకౌంట్ యాక్షన్స్‌లో యాడ్ ఫీడ్ అకౌంట్ నొక్కండి. ఏదో ఒక పేరు పెట్టండి.
2. ఎడమవైపు వచ్చిన ఆ పేరు మీద రైట్ క్లిక్ చేసి సబ్‌స్క్రైబ్ ఎంచుకోండి.
3. ఫీడ్ అడ్రసు పేస్ట్ చేసి యాడ్ నొక్కండి.

మొదట ఐదారు ఫీడ్లు చాలు. రోజుకు వందల వార్తలు వేసే సైటును మొదటిరోజే చేర్చితే, నెలకో వ్యాసం రాసే మంచి బ్లాగు ఆ రద్దీలో కనబడకుండా పోతుంది. అలాంటి సైట్లను విడి ఫోల్డర్లో పెట్టండి.

ఫీడ్‌లో సైటు వ్యాసాలన్నీ ఉండవు, తాజావి కొన్నే ఉంటాయి. వర్డ్‌ప్రెస్ మామూలుగా చివరి 10 మాత్రమే ఇస్తుంది. థండర్‌బర్డ్ తెరిచి ఉన్నప్పుడే ఫీడ్ తెస్తుంది కాబట్టి, మీరు వారం పాటు తెరవకపోతే ఈలోగా సైటు 30 వ్యాసాలు వేసినా మీకు 10 మాత్రమే అందుతాయి. ఆన్‌లైన్ రీడర్లకు ఈ ఇబ్బంది తక్కువ, వాటి సర్వర్లు మీరు లేనప్పుడు కూడా తెస్తూనే ఉంటాయి. ఉన్నట్టుండి ఒక ఫీడ్ ఆగిపోతే సైటు అడ్రసు మారిందేమో చూడండి. ఫైల్లో ఒక్క గుర్తు తప్పు పడినా రీడర్ దాన్ని చదవలేకపోవచ్చు. అది సైటువాళ్లు సరిచేయాల్సిందే.

అప్పుడప్పుడూ మీ ఫీడ్ల జాబితాను ఓపీఎంఎల్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. ఎంతోమంది వాడిన గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడింది. ఈ ఫైలుంటే మరో రీడర్లోకి నిమిషంలో మారిపోవచ్చు.

న్యూస్‌గ్రూపులు

ఫీడ్‌లో చదవడమే ఉంటుంది. న్యూస్‌గ్రూపులో ఎవరైనా రాయవచ్చు, జవాబివ్వవచ్చు. ఈ గ్రూపులన్నీ కలిసిన వ్యవస్థ పేరు యూజ్‌నెట్. 1979లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ దీన్ని తలపెట్టారు. దీనికి యజమాని లేడు. ఒక సర్వర్‌కు అందిన సందేశాన్ని మిగతా సర్వర్లు కాపీ చేసుకుంటూ పోతాయి. గ్రూపు పేరులో మొదటి ముక్క విషయం చెబుతుంది: ‘కాంప్’ అంటే కంప్యూటర్లు, ‘సై’ అంటే సైన్సు, ‘సాక్’ అంటే సమాజం. 1990లలో విదేశాల్లోని తెలుగువాళ్లు ‘సాక్ డాట్ కల్చర్ డాట్ ఇండియన్ డాట్ తెలుగు’ గ్రూపులో కలుసుకునేవారు. తెలుగు లిపి తెరమీద కుదరని ఆ రోజుల్లో ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లిషు అక్షరాలతోనే తెలుగు రాసుకున్నారు.

గూగుల్ గ్రూప్స్ 2024 ఫిబ్రవరి 22 నుంచి యూజ్‌నెట్ కొత్త సందేశాలను తీసుకోవడం లేదు. పాతవి మాత్రం అక్కడ వెతుక్కోవచ్చు. కొత్తవాటికి సర్వర్ కావాలి. ఎటర్నల్ సెప్టెంబర్ అనే సర్వీసు ఉచితంగా ఇస్తుంది, రిజిస్టర్ చేసుకోవాలి. థండర్‌బర్డ్‌లో అకౌంట్ యాక్షన్స్ నుంచి యాడ్ న్యూస్‌గ్రూప్ అకౌంట్ నొక్కి సర్వర్ పేరివ్వండి. సర్వర్ సెట్టింగ్స్‌లో ఎస్‌ఎస్‌ఎల్ (సమాచారాన్ని ఇతరులు చదవలేని రూపంలో పంపే పద్ధతి) ఎంచుకుని, పోర్టు 563 అని ఉందో లేదో చూసుకోండి. 119 కూడా పనిచేస్తుంది కానీ మామూలుగా దాంట్లో పాస్‌వర్డ్‌కు రక్షణ ఉండదు. లాగిన్ అడగకుండానే సర్వర్ తిరస్కరిస్తుంటే, అక్కడే ‘ఎల్లప్పుడూ లాగిన్ అడగాలి’ అనే అర్థమొచ్చే గడిలో టిక్ పెట్టండి. తర్వాత సబ్‌స్క్రైబ్ నొక్కి గ్రూపు పేరు వెతకండి. మొదటిసారి జాబితా రావడానికి సమయం పడుతుంది. ఎన్ని హెడర్లు (సందేశాల శీర్షిక, పేరు, తేదీ లాంటి వివరాలు) దించాలని అడిగితే 500 చాలు.

చాలా గ్రూపులు ఇప్పుడు ఖాళీ, లేదా స్పామ్‌తో నిండి ఉన్నాయి. చివరి సందేశాల తేదీలు చూసి, మనుషులు మాట్లాడుతున్నచోటే చేరండి.

రాసేముందు మీ పేరు కింద కనిపించే ఈమెయిల్ మార్చుకోండి, అది అందరికీ కనబడుతుంది. చివర ఇంగ్లిషులో ‘డాట్ ఇన్‌వాలిడ్’ ఉన్న ఉత్తుత్తి అడ్రసు పెట్టడం అక్కడ అంగీకరించిన పద్ధతే. మొదటి సందేశం పరీక్షల కోసమే ఉన్న ‘టెస్ట్’ గ్రూపుల్లో వేయండి. జవాబిచ్చేటప్పుడు అవతలివారి మాటల్లో అవసరమైన వాక్యాలే ఉంచి, వాటి కింద మీ మాట రాయండి. పంపాక తీసేయమని కోరినా చాలా సర్వర్లు పట్టించుకోవు కాబట్టి, ఫోన్ నంబరు లాంటివి అసలు రాయకండి.